దస్తర్‌ఖాన్ మీది డిస్కు

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా రెండు కళ్ళ మీద ఒట్టు, ఆ కళ్ళకున్న అద్దాల మీద కూడా ఒట్టు. నేను ఇదివరకు చెప్పినవాటిలో కొన్ని కొంచెం అటూ ఇటూగా ఉంటాయని మా ఇంట్లోవాళ్ళే అంటారు. పానగల్ గుళ్ళో రాతి నంది నన్ను చూసి తల తిప్పిందన్నది అబద్ధం. నల్లగొండ బస్సులో మేక టికెట్టు తీసుకుందన్నది సగం అబద్ధం. తీసుకున్నది మేకను ఎక్కించినాయన. ఈ కథ వాటి జాతిది కాదు. చచ్చిపోయిన మనిషి గొంతు, ఆ గొంతున్న డిస్కు కంప్యూటర్లో లేనప్పుడు కూడా పలకడం నేను విన్నాను. పట్టపగలు, పక్కన సాక్షి ఉండగా విన్నాను. ఆ సాక్షి ఇప్పటికీ ఆ వీధిలోకి ఆటో తిప్పడు.

తొంభైల చివర్లో నాకు నల్లగొండ బస్టాండు వెనక కంప్యూటర్లు బాగుచేసే చిన్న గది ఉండేది. అక్కడికి నకిరేకల్ నుంచి ఒకాయన వచ్చేవాడు. మైకుసెట్టు కిరాయికిచ్చే మనిషి. నేను భాయ్‌సాబ్ అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. పెళ్ళిళ్ళకు, ఉర్సులకు, ఎలక్షన్లకు నకిరేకల్ చుట్టుపక్కల ఎక్కడ గొట్టం మైకు మోగినా అది ఆయనదే. వాటికంటే ముఖ్యంగా, ఆయనకొక ప్రచారం ఆటో ఉండేది. బత్తాయి తోట వేలమైనా, చీరల అమ్మకమైనా, తప్పిపోయిన గొడ్డు సంగతైనా ఊరికి చెప్పాల్సింది ఏదున్నా ఆ ఆటో చెప్పేది.

చెప్పే గొంతు ఆయన భార్యది. ఆమె పుట్టిల్లు నారాయణపేట. మాటలో ఉర్దూ ఉండేది, అవతలి పక్క కన్నడం గాలి కూడా కొంచెం ఉండేది. అయినా మైకులో "ప్రియమైన పురప్రజలారా" అంటే, పొయ్యి మీద కూర మాడుతున్నా ఆడవాళ్ళు గరిటె పట్టుకుని వాకిట్లోకి వచ్చేవాళ్ళు. ఆమెను ఊళ్ళో చూసినవాళ్ళు తక్కువ. ఇంట్లో కూర్చుని కేసెట్టులోకి చెప్పేది, ఆటో తిరిగేది. హైదరాబాదు రేడియోలో పనిచేసే ఎవరో అమ్మాయి అని కొందరు, సినిమాల్లో డబ్బింగు చెబుతుందని కొందరు అనుకునేవారు. నేనూ ఆమెను చూడలేదు. నా ముందు ఎప్పుడూ తలుపుకు కట్టిన పూల తెర ఉండేది, తెర వెనక గొంతు ఉండేది.

ఆమెకు జబ్బు చేసింది. హైదరాబాదు దవాఖానలో ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళింది ఆ తర్వాతే. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. నేను కూర్చోగానే తెర వెనక నుంచి, "తమ్మీ, నా మాటలన్ని ఇడదీసి పెట్టుకుంటె మళ్ళ కుట్టొచ్చునంట గద కంప్యూటర్ల?" అని అడిగింది.

"కుట్టొచ్చు భాభీ."

"అయితె పెట్టు. నేను ఎల్లిపోయినంక గీయన గాడిద గొంతుతోటి బండి తిరిగితె ఒక్క మేక దొరకది."

భాయ్‌సాబ్ నవ్వలేదు.

గొంతును కంప్యూటర్లో పెడితే చాలా జాగా తింటుంది. అప్పటి డిస్కులు చిన్నవి. నా దగ్గర ఉన్నవైతే ఏవో ఆఫీసుల్లో తీసి పారేసిన పాతవి, మూడు. ఒక్కదానిలో సరుకంతా పట్టదు. పట్టినా, ఏది ఏ రోజు ప్రాణం విడుస్తుందో తెలియదు. మూడింటినీ కలిపి ఒకటిగా చేసే కార్డులు పట్నంలో దొరుకుతాయని విన్నాను గానీ కళ్ళతో చూడలేదు. అయితే ఒక కంప్యూటర్ పత్రికతో ఊరికే వచ్చిన సీడీలో లినక్స్ ఉంది. కార్డు చేసే పనిని ఆ ఆపరేటింగ్ సిస్టమ్ తనే చేస్తుంది. దాన్ని రెయిడ్ అంటారు.

అర్థం కావడానికి ఇలా చెబుతాను. కంప్యూటరుకు ఒక పెద్ద డిస్కు కనిపిస్తుంది. అది ఎక్కడా లేదు, దాన్ని ఎవరూ తయారు చేయలేదు. పై నుంచి ఎవరైనా ఆ లేని డిస్కులో ఫలానా గడి కావాలని అడిగితే, మధ్యలో కూర్చున్న ఒక పటం అది నిజంగా ఏ డిస్కులో ఏ మూల ఉందో చూసి అటు పంపుతుంది. అడిగినవాడికి ఆ సంగతే తెలియదు.

నేను ఇదంతా భాయ్‌సాబ్‌కు చెబుతుంటే తెర వెనక నుంచి గొంతు వచ్చింది. "మా పేటల చీర గంతే గద. ఏ పోగు యాడికెల్లి యాడికి పోతదో మగ్గం కాడ కూసున్నోనికి ఎరుక. కట్టుకున్నదానికి చీర ఒక్కటే."

ఆ మాట నాకు బాగా నచ్చింది. తర్వాత చాలా చోట్ల నాదేనని చెప్పుకున్నాను.

ఆమె రికార్డింగు మొదలుపెట్టింది. ముక్కలు ముక్కలుగా చెప్పేది. వారాల పేర్లు. చుట్టుపక్కల ఊళ్ళ పేర్లన్నీ. ఆవు, ఎద్దు, మేక, నల్లది, తెల్లది, ఎడమ చెవికి కోత ఉన్నది. నారాయణపేట చీరలు. బత్తాయి తోట. వేలం వేయబడును. పోగొట్టుకున్నవారు. మధ్యలో దగ్గు వచ్చేది. ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ చెప్పేది. చావుల ప్రకటనకు కావలసిన ముక్కలు కూడా చెప్పింది. "స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము." అది చెప్పేటప్పుడు గొంతు ఏ మాత్రం మారలేదు. మారింది భాయ్‌సాబ్ ముఖం.

అన్నిటికంటే ముందుది ఒక చిన్న ముక్క ఉంది. మైకు పనిచేస్తోందో లేదోనని నేను పరీక్షిస్తుండగా ఆమెకు తెలియకుండా ఎక్కింది. "ఏజీ, షురూ అయిందా? ఇగ ఏం జెప్పాలె నేను? గట్ల సూడకుండ్రి నన్ను, నవ్వొస్తది." పనికిరానిది గదా, చెరిపేస్తే జాగా మిగులుతుందని అన్నాను. భాయ్‌సాబ్ నా చెయ్యి పట్టుకుని మౌసు మీద నుంచి తీసేశాడు.

ఆమె పోయింది. మట్టిలో కలిపిన రోజున కూడా ఆటో తిరిగింది, ఎందుకంటే దాన్ని ఆపమని చెప్పే తీరిక ఎవరికీ లేకపోయింది. మేము ఖబ్రస్తాన్ నుంచి నడిచి వస్తుంటే బజార్లో ఆమె గొంతు నారాయణపేట చీరల అమ్మకం గురించి చెబుతూ మాకు ఎదురొచ్చింది. జనాజా మోసినవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. ఆటో మా పక్క నుంచే వెళ్ళింది. "రండి, చూడండి, తరలిరండి" అంది.

ఊరికి ఆమె పోయిన సంగతి తెలియదు. భాయ్‌సాబ్ చెప్పలేదు. బంధువులకు, మసీదు వాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఊరికి చెప్పాలంటే ఆటోయే చెప్పాలి. ఆటోలో చెప్పాల్సింది ఆ గొంతే. ఒకసారి నేను మెల్లగా ఆ మాట ఎత్తాను.

"గది మాత్రం ఆమెతోటి చెప్పియ్య తమ్మీ," అన్నాడు. "ఇంకేమన్న అడుగు."

అలా ఆమె రోజూ కొత్త మాటలు చెబుతూ తిరుగుతూనే ఉంది. ఆమె ఎరగని తోటలు వేలానికి వచ్చాయి. ఆమె పోయాక పుట్టిన మేకపిల్లలు తప్పిపోయాయి. ముక్కల్ని నేనే కుట్టి, పాత ప్రకటన చెరిపి, అదే కేసెట్టులోకి ఎక్కించేవాణ్ణి. రాను రాను నాకొక పాడు అలవాటైంది. ముక్కలు పేర్చి మీట నొక్కాక తెర వైపు చూసేవాణ్ణి. ఆమె బతికున్నప్పుడు కూడా నాకు కనిపించింది ఆ తెరే గదా. గొంతు అదే, తెర అదే. ఏం తేడా వచ్చిందో నా చెవికి తెలిసేది కాదు. ఫ్యాను గాలికి పూల గుడ్డ లోపలికి పోయి బయటికి వచ్చేది.

భాయ్‌సాబ్‌కు మరో అలవాటైంది. కంప్యూటరు మూత తీసి, డిస్కులకు చెవి ఆనించి కూర్చునేవాడు. "నడిమిది ఇను తమ్మీ. సన్నగ గునుగుతది. ఆమె బియ్యం ఏరుకుంట గట్లనే గునిగేది." పాత డిస్కులు అరిగితే అలాగే గునుగుతాయని నేను చెప్పాను. ఆయన వినలేదు. ఆయన లెక్కలో ఆమె నడిమి డిస్కులో ఉంది. మిగతా రెండూ ఆమెకు అటూ ఇటూ కాపలా.

నలభయ్యో దినం ఫాతెహాకు, పోయినవాళ్ళ పేరున చదివించే ప్రార్థనకు, నన్నూ పిలిచాడు. మధ్యాహ్నం నమాజు అయ్యే వేళకు చేరాను. షాపు గదిలో ఎవరూ లేరు. ఆటో నడిపే అతను మాత్రం గుమ్మం మీద కూర్చుని ఉన్నాడు. మెడలో శిలువ, నోట్లో గుట్కా. లోపల నుంచి ఊదు పొగ వస్తోంది, చదువు వినిపిస్తోంది.

"అన్నా, ఒక మేక తప్పిపోయింది," అన్నాడు. "పొద్దుగాలకెల్లి కూసున్న. సేటు ఫాతెహా పనిల ఉన్నడు. జర నువ్వన్న కొట్టియ్యి, మేకోడు నా పానం తింటుండు."

కంప్యూటర్ మీట నొక్కి, అది లేచేలోపు ఎదురు హోటల్లో చాయ్ తాగి వచ్చాను. ముక్కలు పేర్చాను. ప్రియమైన పురప్రజలారా, మేక, నల్లది, ఎడమ చెవికి కోత ఉన్నది. గొంతు వచ్చింది. ఎప్పటిలాగే, కొంచెం ఆలస్యంగా, ప్రతి మాటకూ ముందు ఒక చిన్న ఊపిరి తీసుకున్నట్టు. ఆ ఆలస్యమే నాకు తేడాగా అనిపించింది. మూడు డిస్కులూ ఎలా ఉన్నాయో చూపించమని మెషిన్ను అడిగాను. మూడు గుర్తులు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. మధ్యలో ఖాళీ.

మూత తీశాను. నడిమి డిస్కు లేదు. చెడిపోలేదు, లేదు. తీగె మొన ఊరికే వేలాడుతోంది. ఆ ఖాళీలో ఆమె గొంతు ఇంకా చెబుతూనే ఉంది. "ఆచూకీ తెలిసినవారు..."

ఆటో అతను నా భుజం మీదుగా తొంగి చూశాడు. వారం వారం అతనూ భాయ్‌సాబ్ మాటలు వింటున్నవాడే. "అన్నా, అక్క ఉండేది గా నడిమి దాంట్లనే గద?"

"ఔ."

"మరి మాట్లాడేదెవ్వలు?"

నేను జవాబు చెప్పేలోపు అతను "ఏసయ్యా" అని గుమ్మం దాటాడు. నిజం చెప్పాలంటే నేనూ కుర్చీ వెనక్కి జరిపాను. రెయిడ్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాణ్ణే, దాన్ని కట్టినవాణ్ణే. తెలిసిన బుర్ర ఒక పక్కన ఉంది, మెడ మీద లేచిన వెంట్రుకలు ఒక పక్కన ఉన్నాయి. అప్పుడే ఫ్యాను గాలికి తెర పైకి లేచింది. మొదటిసారి లోపలి గది కనిపించింది.

నేల మీద దస్తర్‌ఖాన్, అన్నాలు వడ్డించే గుడ్డ, పరిచి ఉంది. దాని మీద ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టారు. జొన్నరొట్టె, పుంటికూర, బగారా అన్నం, గ్లాసు నిండా నీళ్ళు. వాటి నడుమ, ఆమె నారాయణపేట చీర కొంగు ముక్కలో సగం చుట్టి, డిస్కు. ఊదు పొగ దాని మీదుగా పోతోంది. మౌల్వీసాబు కళ్ళు మూసుకుని చదువుతున్నాడు. అది ఆమె పాన్‌డబ్బా అనుకున్నానని తర్వాత ఆయనే చెప్పాడు.

ఫాతెహా అయ్యేదాకా గుమ్మంలో నిలబడ్డాను. అయ్యాక భాయ్‌సాబ్ నన్ను చూసి, తప్పు చేసినవాడిలా కాదు, అతిథిని పరిచయం చేసేవాడిలా డిస్కు చూపించాడు. "అందరికి పెట్టినం. ఆమె ముంగట పెట్టకపోతె ఎట్ల? గందుకే తెచ్చి కూసుండబెట్టిన."

"భాయ్‌సాబ్, ఇప్పుడే ఆమె గొంతు షాపుల విన్న."

ఆయన చేతిలో అన్నం ముద్ద ఆగిపోయింది. "అంటె, దీంట్ల లేదా ఆమె?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే నా జీవితంలో కష్టమైన పని. షాపులోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి చెప్పాను. "మూడు డిస్కుల్ల రెండు చెరొక మాట దాచుకుంటయి. మూడోది మాట దాచుకోదు. ఆ రెండూ ఒక్క తీరుగున్నయా, వేరే తీరుగున్నయా అన్న సాక్ష్యం ఒక్కటే దాచుకుంటది. ఇప్పుడు మీరిద్దరు ఆ రెండు డిస్కులనుకోండ్రి. మీరు ఔనన్నరు. భాభీ లేదు. సాక్షి వచ్చి ఇద్దరికి కుదరలేదు అన్నడు. భాభీ ఏమన్నట్టు?"

"కాదన్నట్టు." ఆ వెంటనే, "ఆమె ఎన్నడు ఔనన్నది గనుక?" అన్నాడు.

"గంతే. లేనిది ఏమన్నదో ఉన్న రెండు కలిసి చెప్తయి. మళ్ళ సాక్షి పని ఒక్కదానిది కాదు. ఒక గడిల ఇది, ఇంకో గడిల అది. వంతులు."

ఆయన డిస్కును ఒళ్ళోకి తీసుకున్నాడు. "అయితె ఆమె దేంట్ల లేదు. అన్నిట్ల ఉన్నది."

అంత బాగా నేను చెప్పలేకపోయాను.

అప్పుడే చప్పుడు మొదలైంది. మిగిలిన రెండింటిలో చివరి డిస్కు, గోటితో రేకు మీద కొట్టినట్టు, టక్, టక్. ఆ చప్పుడు నాకు తెలుసు. చావుకు దగ్గరపడ్డ డిస్కు చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే చప్పుడు. ఒకటి లేకపోతే రెండు కలిసి చెబుతాయి. రెండు లేకపోతే చెప్పేవాళ్ళే ఉండరు. ఒళ్ళో ఉన్న డిస్కును తిరిగి పెడితే సరిపోదు. అది బయట ఉన్నప్పుడు మెషిన్ నడిచింది, అందుకని దాన్ని పాతబడినదిగా లెక్కేస్తుంది. మిగతా రెండింటినీ మొదటి నుంచి చివరిదాకా చదివి, దాన్ని మళ్ళీ కొత్తగా రాయాలి. అప్పటిదాకా ఆ టక్‌టక్ డిస్కు బతకాలి. దాచుకోవడానికి వేరే చోటు లేదు.

ఇదంతా చెప్పి, "ఎంబడే షురూ చెయ్యాలె," అన్నాను.

"జర ఆగు. ముందుగాల ఒక్కటి కేసెట్టులకు ఎక్కియ్యి."

వారాల పేర్లు అడుగుతాడనుకున్నాను. ఊళ్ళ పేర్లు, పురప్రజలారా, అవి ఉంటే వ్యాపారం నడుస్తుంది. ఆయన అడిగింది మొదటిది, నేను చెరిపేస్తానన్నది.

కేసెట్టు తిప్పి మీట నొక్కాను. "ఏజీ, షురూ అయిందా?" అంది ఆమె. డిస్కు టక్కుమంది. గొంతు ఆగిపోయింది. కేసెట్టు మాత్రం ఖాళీగా తిరుగుతూనే ఉంది. ఆ ఖాళీలో, ఒట్టు, చాలా మెల్లగా, ముక్కల్లో ఎక్కడా లేని మాట ఒకటి వినిపించింది. "చాయ్ తాగిన్రా?" అంది. తర్వాత ఏమీ కానట్టు మిగతాది వచ్చింది. "ఇగ ఏం జెప్పాలె నేను? గట్ల సూడకుండ్రి నన్ను, నవ్వొస్తది."

నడిమి డిస్కును మళ్ళీ బిగించి పని మొదలుపెట్టాను. టేబుల్ ఫ్యాను తెచ్చి చివరి డిస్కు మీదికి తిప్పాం. ఆటో అతను తిరిగొచ్చి గుమ్మం బయటే నిలబడి, లోపలికి రాకుండా, "ఎంత దాక వచ్చింది?" అని అడుగుతూ ఉన్నాడు. సగమైంది. సగం దాటింది. టక్, టక్. భాయ్‌సాబ్ పెదవులు కదులుతున్నాయి. సాయంత్రం నమాజు పిలుపు వినిపించేలోపు పని పూర్తయింది. మూడు గుర్తులూ వచ్చాయి. డిస్కులు మార్చాం, మార్చిన ప్రతిసారీ ఉన్నవి లేనిదాన్ని రాసుకున్నాయి. ఆమె ఇప్పటికీ నకిరేకల్లో తిరుగుతోంది. కరెంటు లేని మధ్యాహ్నాల్లో, మెషిన్ ఆపి ఉన్నా ఆ ఇంటి ముందు నిలబడితే, తప్పిపోయిన గొడ్ల పేర్లు ఆమె పిలవడం చాలామంది విన్నారు. మేకలు కూడా విన్నాయి. వాటంతట అవే ఇంటికి వచ్చేస్తున్నాయి.

మొదట్లో కళ్ళ మీద ఒట్టు పెట్టాను. నాకు ఈ మధ్యే శుక్లాలు తీశారు, కాబట్టి జాగ్రత్తగా ఉండాలి.

మేక నిజం, దొరికింది కూడా. దస్తర్‌ఖాన్ మీద డిస్కు నిజం. అది అక్కడుండగా ఇక్కడ గొంతు పలకడం నిజం; రెయిడ్ తెలిసినవాళ్ళను అడగండి, అందులో వింతేమీ లేదంటారు. నేను కల్పించింది "చాయ్ తాగిన్రా" అన్న మాట, దాని తర్వాతి గెలుపు.

సగం దాటాక చివరి డిస్కు టక్‌టక్ ఆపేసింది. తిరగడం కూడా ఆపేసింది. నేను చేయగలిగినవన్నీ చేశాను. పటం ఉంది, ఏ గడి ఎక్కడుందో ఇంకా చెబుతూనే ఉంది, అక్కడికి వెళ్తే ఎవరూ లేరు.

"ఇగ రాదా?" అన్నాడు భాయ్‌సాబ్.

"రాదు భాయ్‌సాబ్."

ఆయన లేచి, మైకు, కొత్త కేసెట్టు తెచ్చుకుని, నా పక్కనే కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు మైకులు కిరాయికిచ్చిన మనిషి, తన నోటితో మైకులో మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. గొంతు ఆమె అన్నట్టే ఉంది. "ప్రియమైన పురప్రజలారా" అన్నాడు, ఆగాడు, మళ్ళీ మొదటి నుంచి అన్నాడు. చింతిస్తున్నాము అనే చోటు దాకా చెప్పాడు. మర్నాడు పొద్దున ఆటో ఆ గొంతుతో తిరిగింది. గరిటెలు పట్టుకుని వాకిట్లోకి వచ్చిన ఆడవాళ్ళు, ఆ గరిటెలతోనే ఆయన ఇంటికి వచ్చారు. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళు తెర ముందు నిలబడి ఏడ్చారు.

ఆమె గొంతులో మిగిలింది ఆ మొదటి ముక్క ఎక్కించిన కేసెట్టు ఒక్కటి. ఎప్పుడు వెళ్ళినా నాకు వినిపిస్తాడు. "షురూ అయిందా?" అంటుంది. తర్వాత ఖాళీ వస్తుంది. అందులో ఏమీ లేదు, టేపు గరగర తప్ప. నేను ఎన్నోసార్లు చెవి పెట్టి చూశాను. ఆ ఖాళీ రాగానే భాయ్‌సాబ్ మాత్రం వేలెత్తి, నన్ను మాట్లాడవద్దన్నట్టు ఆపుతాడు.

"గీడ దమ్ము తీస్కుంటది," అంటాడు.